గ్లాసు అంచున ఉప్పుకారం

నాలుగు కిలోల జామపండ్లు, అన్నీ లోపల ఎర్రగా ఉండేవే కావాలని వినోద పట్టుబట్టింది. కొయ్యకుండా పండు లోపల ఎరుపో తెలుపో చెప్పడానికి రత్నం ఏమన్నా సోది చెప్పే మనిషా? అయినా పొద్దున్నే హసన్‌పర్తి నుంచి వస్తూ దారిలో ఆటో ఆపించి, బండివాడి దగ్గర ఒక్కొక్క పండూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తొక్క మీద పసుపు తిరిగినవే ఏరి తెచ్చింది. అన్నింటిలో రెండే రెండు తెల్లవి వచ్చాయి. మిగతావన్నీ ఎర్రగా వచ్చినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. ఆ రెండూ ఎందుకొచ్చాయని మాత్రం వినోద అడిగింది.

ఆరోజు జనవరి ఇరవై ఆరు, సోమవారం. వైన్ షాపులన్నీ బంద్. నక్కలగుట్టలో కొత్తగా కట్టిన ఆ ఇంట్లో వంటగదికీ హాలుకూ మధ్య నల్లరాతి గట్టు ఒకటి వేయించారు. దాన్ని బార్ కౌంటర్ అంటారట. వినోద భర్త మధుకు మరిపెడ దగ్గర కంకర క్రషర్ ఉంది, కాబట్టి ఆ ఇంట్లో రాయికి కొదవ లేదు. గట్టు ప్రారంభానికని పదిమంది స్నేహితులను మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. రత్నం ఆరేళ్ళుగా ఆ కుటుంబానికి వంట చేస్తోంది. గృహప్రవేశానికి పాలు పొంగించడం చూసింది గాని, తాగే గట్టుకు ప్రారంభోత్సవం చేయడం ఇదే మొదటిసారి చూడటం.

"రత్నక్కా, ఇయ్యాల స్పెషల్ ఏందో ఎర్కేనా? జామపండు మార్గరీటా!" అంది వినోద, ఫోన్‌ను పిండి డబ్బాకు ఆనించి ఆ మందు కలిపే వీడియో పెడుతూ.

రత్నానికి చప్పున పోయిన అత్తగారు గుర్తొచ్చింది. "మార్గరెటమ్మ మా అత్తమ్మ పేరు గదమ్మా."

"అయితే ఇయ్యాల మీ అత్తమ్మనే తాగుదాం తీ" అని వినోద పకపకా నవ్వింది. అప్పటికే వచ్చి గట్టు దగ్గర ఎత్తు కుర్చీలెక్కిన ఇద్దరు స్నేహితురాళ్ళు కూడా నవ్వారు. చచ్చి మట్టిలో ఉన్న మనిషి పేరు తీసి గ్లాసులో పోసుకునే ఈ నవ్వు రత్నానికి అసలు మింగుడుపడలేదు. పని చేసుకోవాలి కాబట్టి చేసుకుంది.

పండ్లను ఉప్పునీళ్ళలో వేసి తీసి, తొడిమలు గిల్లి, నాలుగేసి చెక్కలు చేసింది. మిక్సీని ఒక్కపెట్టున తిప్పితే గింజ నలిగి గుజ్జుకు వగరు వస్తుంది. అందుకని తిప్పి ఆపి, తిప్పి ఆపి, గింజ గింజలాగే ఉండేట్టు మెత్తబరిచింది. దాన్ని జాలీలో పోసి గరిటె వీపుతో నిమురుతుంటే గులాబి రంగు రసం చిక్కగా గిన్నెలోకి దిగింది. నిమ్మకాయలను గట్టు మీద అరచేత్తో నొక్కి దొర్లించి, ఆ తర్వాతే కోసింది. ఎండుమిరపకాయలు నూనె లేకుండా వేయించి రాళ్ళ ఉప్పుతో రోట్లో దంచింది. మిక్సీలో వేస్తే పిండిపిండి అయి పలుకు మిగలదు. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రాసి, ఆ అంచును ఈ ఉప్పుకారంలో ముంచి తిప్పితే ఎర్రటి చుట్టు అంటుకుంటుంది. వీడియోలో చేసే ఆమె ఉత్త ఉప్పే పెట్టింది, ఉప్పుకారం ఆలోచన తనదేనని వినోద స్నేహితురాళ్ళకు చెప్పింది. హన్మకొండలో జామపండ్ల బండి పెట్టుకున్న ప్రతివాడికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిని ఆమె కనిపెట్టినట్టు చెబుతుంటే వాళ్ళు "వావ్" అన్నారు.

మందు సీసా మధు స్నేహితుడెవరో ఎయిర్‌పోర్టులో కొని తెచ్చింది. లోపలిది నీళ్ళలా తేటగా ఉంది.

"ఆ సీస నేను ముట్టనమ్మా. ముందే చెప్తాన" అంది రత్నం.

"నువ్వు ముట్టకక్కా. పండు పని నీది, మందు పని మాది. రెండు జగ్గులు పెట్టు. గాజు జగ్గు పెద్దోళ్ళకు, స్టీలు జగ్గు పిల్లలకు. పిల్లలది వర్జిన్."

"అంటే?"

"అంటే ఏం కలవనిదన్నట్టు. ఉత్త జ్యూసు."

మంచి మాటలన్నీ వీళ్ళ నోళ్ళలో పడి ఇట్లాగే అయిపోతాయి కాబోలు అనుకుని రత్నం రెండు జగ్గుల్లోనూ రసం పోసింది. నిమ్మరసం, చక్కెర పాకం, దంచిన ఐసు కలిపింది. అటు తర్వాత పులావు దించడానికి పొయ్యి వైపు తిరిగింది. తిరిగి వచ్చేసరికి వినోద స్టీలు జగ్గు ముందుకు తోసి, "పిల్లలకు తీపి సరిపోయిందో లేదో చూడక్కా" అంది.

వంట చేసే మనిషి గరిటెను మూతికి తగిలించదు, ఎంగిలవుతుంది. రత్నం అలవాటు ప్రకారం కుడిచెయ్యి దొప్పలా చేసి చాచింది. వినోద గరిటెతో పోసింది. నాలుకకు తగలగానే లోపల ఏదో చురుక్కుమంది.

"జర చేదు కొడ్తాందమ్మా. ఏమన్న కలిసిందా?"

"ఏం కలుస్తదక్కా, వర్జిన్ అన్న గద. నిమ్మగింజ నలిగిందేమో."

నిమ్మగింజా! ఆ మాట రత్నానికి రోషం తెప్పించింది. ఇరవై నిమ్మకాయలు పిండితే ఒక్క గింజ పడనియ్యని చెయ్యి ఆమెది. మళ్ళీ చెయ్యి చాచింది. రెండోసారి కళ్ళు మూసుకుని, నాలుక అంగిట్లో ఆడించి చూసింది. గింజ చేదు కాదు. గొంతు దిగుతూ మండుతోంది. ఐసు పాతదా, జాలీకి సబ్బు అంటిందా అని తేల్చుకోవడానికి మూడోసారి కూడా చాచింది. అప్పుడు తలెత్తి చూస్తే పిండి డబ్బాకు ఆనించి ఉండాల్సిన ఫోన్ వినోద చేతిలో ఉంది. స్నేహితురాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

మధు హాల్లోంచి వచ్చి స్టీలు జగ్గు వాసన చూసి, "అరే, దీంట్ల పోసిన్నా నేను? గాజుదాంట్లనే గద పొయ్యమన్నవు" అన్నాడు.

"నేనే దీంట్లకు మార్చిన. ఊకె, మజాకు" అంది వినోద.

రత్నం సింకు దగ్గరికి ఉరికింది. ఉమ్మింది. పుక్కిలించి ఉమ్మింది. ఉప్పు నోట్లో వేసుకుని మళ్ళీ పుక్కిలించింది. అప్పటికి వినోద ఫోన్ పక్కన పెట్టేసింది. ఉమ్మడం ఎవరికి కావాలి!

భోజనాల వేళకు వంటగది గుమ్మంలో ఒక మనిషి ఐసు కోసం వచ్చి నిలబడ్డాడు. చూస్తే జోయెల్ సారు. హసన్‌పర్తిలో రత్నం వెళ్ళే చర్చికి ఆయనే సెక్రటరీ. వారం వారం వాక్యం చదివేవాళ్ళు ఒక పేరు తప్పు పలికినా ఊరుకోడు, కూర్చున్న చోటి నుంచే సవరిస్తాడు. పిల్లలు పాటలో ఒక చరణం వదిలేస్తే మళ్ళీ మొదటి నుంచి పాడిస్తాడు. మధు క్రషర్ కాగితాలు వెళ్ళే ఆఫీసులో ఆయనకు పెద్ద సీటుందని రత్నం విన్నది. ఇప్పుడాయన చేతిలో గులాబి రంగు గ్లాసుంది. మీసం చివర ఉప్పుకారం పలుకులు అంటుకుని ఉన్నాయి.

రత్నం తల మీది కొంగు సర్దుకుంది. "వందనాలు సార్."

ఆయన ఒక్క క్షణం గ్లాసును వెనక్కి పెట్టబోయి, పెట్టడానికి చోటు లేక ఆగాడు. "వందనాలక్కా. జ్యూస్ మంచిగ చేసినవు" అని ఐసు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆయన మాటతో పాటు మందు వాసన కూడా వచ్చింది. ఎవరి పెంట వాళ్ళే ఎత్తిపోసుకుంటారు, నాకెందుకులే అనుకుని గిన్నెలు తోముకుంది.

*

బుధవారం సాయంత్రం కూతురు హెప్సిబా ల్యాబు డ్యూటీ నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ తల్లి ముఖానికి పట్టింది.

"ఇదేందమ్మా?"

అందులో రత్నం చెయ్యి చాస్తోంది. నాకుతోంది. కళ్ళు మూసుకుని ఆనందిస్తున్నట్టు తల ఊపుతోంది. మళ్ళీ చాస్తోంది. మళ్ళీ. వెనక నవ్వులు. వినోద ఇన్‌స్టాలో పెట్టుకున్న వీడియో అది. కింద రాసుకుంది: 'మా రత్నక్క ఫస్ట్ మార్గరీటా. ఇంకా కావాలంట!' పని తెలిసినవాళ్ళు రుచి చూసే చెయ్యి, పని తెలియనివాళ్ళ కంటికి అడుక్కునే చెయ్యిలా ఉంది.

"నాకు జ్యూసని చెప్పి పోసిండ్రు బిడ్డా. ఉమ్మిన. నోరంత కడుక్కున్న."

"ఉమ్మింది ఏడుంది ఇండ్ల? ఇది నా ఫ్రెండ్ పంపలే. మన చర్చి గ్రూపుల పడ్డది."

గ్రూపులో పెట్టింది జోయెల్ సారు. పైన ఒక ముక్క రాశాడు: 'ఈ సహోదరి కొరకు భారంతో ప్రార్థించగలరు.' దాని కింద నలభై మూడు మంది చేతులు జోడించారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ అనేవాళ్ళే లేకముందే దొంగ లేచి పక్కవాళ్ళ భుజాలు దులుపుతున్నాడు.

రత్నానికి ఏడుపు రాలేదు. వచ్చే ఆదివారం నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల. ఆ బల్ల మీద పెట్టే ద్రాక్షారసం పందొమ్మిదేళ్ళుగా ఆమె చేతిదే. తాగిన మనిషిని బల్లకు దూరం పెడతారు. ముందు మోకరిల్లే వరసలోకి రానివ్వరు, అందరూ లేచి వెళ్తుంటే కూర్చునే ఉండాలి. ఆమెకు ఉన్నది ఆ ఒక్క పేరు. రత్నక్క చేతి రసం అంటే రసం అని పేరు.

గురువారం పొద్దున వెళ్ళగానే వినోదను అడిగింది.

"అయ్యో, డిలీట్ చేసిన గదక్కా. జోక్ అది. గింత సీరియస్ తీసుకుంటవా?"

"డిలీట్ చేస్తే గ్రూపుల పోతదా అమ్మా? మా చర్చి అయ్యగారికి ఒక్క ఫోన్ చెయ్యి. ఆమెకు తెల్వదు, మేమే జ్యూసని పోసినం అని చెప్పు. అంతే. ఇంకో మాట వద్దు."

వినోద మొగుడి వైపు చూసింది. మధు టిఫిన్ ప్లేటు మీంచి తలెత్తకుండా, "చూడక్కా, ఆ చర్చి లొల్లిల మమ్ముల ఇరికియ్యకు. జోయెల్ అన్న పేరు అసలే ఎత్తొద్దు. ఆయనతోని నాకు పనుంది" అన్నాడు.

"జోయెల్ సార్ పేరు నేనెత్తలే అయ్యా. మీరే ఎత్తిండ్రు."

మధు దోశ ముక్క నోట్లో పెట్టుకుని చట్నీ అడిగాడు. రత్నం వేసింది. ఆరేళ్ళుగా ఈ ప్లేట్లలో వడ్డిస్తున్న తన చెయ్యి మీద తనకే రోత పుట్టింది. చట్నీ గిన్నె అక్కడే వదిలి, కొంగు దులుపుకుని, "రేపటి కెళ్ళి పనికి రానమ్మా" అని చెప్పి బయటికి నడిచింది. గేటు దాకా వినోద వెంట వచ్చి, ఆదివారం చుట్టాలున్నారని, కనీసం సోమవారం దాకా ఆగమని బతిమాలింది. ఫోన్ చేస్తానని మాత్రం అనలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం మార్తమ్మ వచ్చింది. చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. చేతిలో నల్లద్రాక్ష సంచి. గుమ్మం దగ్గరే నిలబడి చాలాసేపు ఎండ గురించి మాట్లాడింది. జనవరిలో ఎండేమిటి పాపం.

"లోపలికి రావమ్మా మార్తక్కా."

"వస్త గని... అయ్యగారు ఈసారికి రసం నన్ను చేయుమన్నరు రత్నం. నేను అడుగలే సుమా. రేపు నాలుగు గంటలకు కమిటీ ఉన్నది, నిన్ను గూడ రమ్మన్నరు." ఆమె సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నీళ్ళెంత పోయాల్నో చెప్పవా?"

ఇంత సిగ్గులేని పని చేయడానికి మనిషికి ఎంత అమాయకత్వం కావాలి! రత్నం ఆమె ముఖంలోకి చూసింది. నిజంగానే నీళ్ళ కొలత కోసమే వచ్చింది మనిషి. తప్పు చెబితే ఎల్లుండి పాడయ్యేది మార్తమ్మ పేరు కాదు, బల్ల మీది రసం. రత్నం సంచి అందుకుని పండ్లు పళ్ళెంలో బోర్లించింది.

"నీళ్ళు పొయ్యద్దు. పండు కడిగినంక తడి ఉంటది, అదే చాలు. సన్న మంట. తొక్క పగిలి నీళ్ళు ఇడిసేదాక కలపొద్దు, గిన్నెనే పట్టుకుని కదపాలె. గుడ్డల వడగట్టి ఏలాడదియ్యి. పిండకు. పిండినవా, మడ్డి దిగుతది."

"పిండకపోతే ఎంత సేపు పడ్తది?"

"పడ్డంత సేపు పడ్తది. నీకేం తొందర."

మార్తమ్మ పండ్లు మళ్ళీ సంచిలోకి ఎత్తుకుని, ప్రతి మాటా మనసులో అప్పజెప్పుకుంటూ వెళ్ళింది. వాకిలి దాటాక వెనక్కి తిరిగి, "నువ్వు తాగలేదని నాకెర్కే రత్నం" అంది. ఆ మాట గ్రూపులో అనొచ్చు గదా అని రత్నం అడగలేదు. చేతులు జోడించిన నలభై మూడు మందిలో మార్తమ్మ కూడా ఉందని హెప్సిబా ముందే చూపించింది.

*

శనివారం చర్చి వెనక గదిలో నాలుగు కుర్చీలు. అయ్యగారు, జోయెల్ సారు, ముసలి పెద్ద సాంబయ్య, మార్తమ్మ. మార్తమ్మ కూర్చున్న కుర్చీలో పోయినేడు దాకా రత్నమే కూర్చునేది. ఇప్పుడు ఐదో కుర్చీ లేదు. గోడకు చాపలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి, వాటి పక్కన ఆమె నిలబడింది.

జోయెల్ సారు మినిట్స్ పుస్తకం తెరిచి, తారీఖు వేసి, గీత గీసి, ఇస్త్రీ చేసిన గొంతుతో మొదలుపెట్టాడు. "అక్కను అవమానపరచుడు మన ఉద్దేశం కాదు. సంఘానికి సాక్ష్యం ముఖ్యం. వీడియో అందరం చూసినం. చూడనోళ్ళు మళ్ళీ చూడొచ్చు."

మళ్ళీ చూశారు. సాంబయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తన ముఖం నలుగురి చేతుల్లోకి మారుతుంటే రత్నం చాపల వైపు చూస్తూ నిలబడింది.

"నాకు జ్యూసని చెప్పిండ్రు అయ్యగారు. మూడు సార్లు రుచి చూసిన. మందని తెల్వంగనే ఉమ్మిన."

"ఒక్కసారి తెల్వక తాగినవనుకుందాం అక్కా" అన్నాడు జోయెల్ సారు మెత్తగా. "మూడుసార్లు చెయ్యి చాపినవు. రేపు సంఘం ముందర నిలబడి తప్పయిందని ఒక్క మాటను. మూడు నెలలు బల్లకు ఆగు. తర్వాత అన్నీ మామూలే. నేనే దగ్గరుండి చూస్త."

ఆయన ముఖం నున్నగా ఉంది. మీసం కత్తిరించి ఉంది. ఆ మీసం చివర సోమవారం నాడు అంటిన పలుకులు ఆమె కళ్ళ ముందే ఉన్నాయి. చెప్పేయాలని నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే ఎవరు నమ్ముతారు? తన మీద పడ్డ మరక తుడుచుకోలేక సెక్రటరీ సారు మీద చల్లిందంటారు. ఆయనకు కావలసిందీ అదే. అందుకే గదా ముందుగా తనకు మసి పూసింది.

"ఏం మందిది? కల్లైతే కాదు" అన్నాడు సాంబయ్య, ఫోన్ ఇంకా వదలకుండా.

"జామపండు రసంల ఏదో దేశంది పోస్తరట తాతా" అంది రత్నం.

"జామపండ్లనా! ఓరి వీళ్ళ పాడుగాను, పండును గూడ ఇడిసిపెట్టరా." ముసలాయన వీడియోను వేలితో ఆపాడు. "మరి ఈ ఎనుక గ్లాసున్నది సూడు, దాని మూతికి ఎర్రగ ఏందిది? కుంకుమ లెక్కున్నది."

మార్తమ్మ వంగి చూసింది. "చక్కెర గావచ్చు తాతా. కేకుల మీద ఏస్తరు సూడు, రంగు చక్కెర."

"చక్కెర కాదు, ఉప్పుకారం" అన్నాడు జోయెల్ సారు, పుస్తకంలో రాస్తూనే. "అది పెదవికి తగిల్తేనే ఆ తీపికి..."

పెన్ను ఆగింది.

పేరు తప్పు పలికినా, చరణం తప్పు పాడినా ఊరుకోలేని మనిషి. తప్పు దిద్దే ఆత్రంలో నోటికి అడ్డు వేసుకోలేకపోయాడు. బయట పిల్లలు రేపటికి పాట నేర్చుకుంటున్నారు. సాంబయ్య కళ్ళజోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దించుకుని, మొదటిసారి ఫోన్‌ను కాక జోయెల్ సారును చూశాడు. జోయెల్ సారు తేలు కుట్టిన దొంగలా పుస్తకం మీద పెట్టిన చూపు పుస్తకం మీదే ఉంచాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రత్నం చాపల మీంచి చూపు తిప్పింది. ఇప్పుడు అడుగుతారు. నీకెట్ల తెలుసు అని ఒక్కరన్నా అడుగుతారు.

అయ్యగారు దగ్గారు. "సరే. అక్క తెల్వక చేసింది. అందరికి సమాధానమైంది గద. ఈ సంగతి ఇక్కడితోని ఇడిసిపెడదాం. బయట ఎవరు మాట్లాడొద్దు. ప్రార్థన చేస్కుందాం."

కళ్ళు మూశారు. నలుగురూ మూశారు. రత్నం మూయలేదు. వంగిన నాలుగు నడినెత్తులను చూస్తూ నిలబడింది. దొంగ దొరికాడు. దొరికాడని గదిలో అందరికీ తెలుసు. దొరకనట్టు ఉండటానికి అందరూ కలిసి కళ్ళు మూసుకున్నారు. ఈ ప్రార్థన సోమవారం నాటి జగ్గు కన్నా ఎక్కువ వెగటు పుట్టించింది ఆమెకు.

ఆమేన్ అన్నాక జోయెల్ సారు గబగబా రెండు లైన్లు రాసి, పుస్తకం ఆమె వైపు తిప్పి పెన్ను అందించాడు. రత్నం వెలుతురు వైపు జరిగి చదువుకుంది. 'తెలియక జరిగినందున రత్నమును క్షమించడమైనది.'

"క్షమించుడేంది సార్?"

"అంటే ఏ యాక్షన్ లేదు అక్కా."

"తప్పు చెయ్యనోళ్ళను ఎట్ల క్షమిస్తరు? ఆ మాట కొట్టేయుండ్రి."

"అది ఫార్మాలిటీ అక్కా" అన్నారు అయ్యగారు. "పుస్తకంల అట్లనే రాస్తరు. సంతకం పెట్టు. రేపు అందరికన్న ముందుగాల నువ్వే బల్లకు రా. వచ్చే నెల కెళ్ళి రసం గూడ నువ్వే చెయ్యి. మార్తమ్మ చేసింది జర మాడింది."

నాలుగు రోజులుగా ఆమె కోరుకున్నదంతా ఇదే. అంతా అరచేతిలో పెట్టి ఇస్తున్నారు. రత్నం పెన్నుకు మూత పెట్టి పుస్తకం మీద పెట్టింది.

"ఆ మాట కొట్టేసిన్నాడు పిలువుండ్రి అయ్యగారు. అందాక నేను రాను. మీరు దూరం పెట్టుడు కాదు, నేనే వస్తలేను."

సాంబయ్య "బిడ్డా" అని ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతోంది.

*

ఆదివారం పోవద్దని హెప్సిబా గొడవపెట్టింది. పోకపోతే తాగింది గనుకనే రాలేదంటారని రత్నం తెల్లచీర కట్టుకుని వెళ్ళింది. ఎప్పుడూ కూర్చునే రెండో వరసలోనే కూర్చుంది. పాటలు పాడింది. బల్ల సమయానికి అయ్యగారు పిలవగానే వరసలు వరసలుగా జనం లేచారు. పక్కవాళ్ళు ఆమె మోకాళ్ళు దాటుకుని వెళ్తూ, దాటాక వెనక్కి తిరిగి చూశారు. జోయెల్ సారు మొదటి వరసలో మోకరిల్లి చిన్న గ్లాసు ఎత్తి తాగి, మడత పెట్టిన రుమాలుతో మీసం ఒత్తుకున్నాడు. రత్నానికి ఇక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచింది. ముందుకే వెళ్తుందనుకుని మార్తమ్మ సంతోషంగా జరిగి చోటిచ్చింది. ఆమె వెనక్కి నడిచింది.

ఆడవాళ్ళ వైపు ఖాళీ అయిన బెంచీలన్నిటి చివర, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, ఒక్క మనిషి కూర్చుని ఉంది. చిలుకమ్మ. తోటకూర, గోంగూర కట్టలు అమ్ముకునే ముసలమ్మ. ప్రతి మొదటి ఆదివారం ఆమె అక్కడ అలాగే కూర్చుని ఉంటుంది. బల్లకు వెళ్ళేటప్పుడు వెనక్కి చూడాల్సిన పని లేదు కాబట్టి రత్నం ఎన్నడూ చూడలేదు.

"ఏందే బిడ్డా, ఇట్లొచ్చినవు?" అంది చిలుకమ్మ చిన్నగా.

"వాళ్ళ నడుమ కూసోబుద్ధి కాలేదక్కా."

ముసలమ్మ తల ఊపింది, కూరగాయల ధర విన్నట్టు.

రత్నం నిలబడే ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది. "నిన్నెందుకు ఆపిండ్రక్కా? బతుకమ్మ ఆడినవని గద?"

"ఆడిన. పక్కింటి పిల్లకు తల్లి పోయిన ఏడది. ఆటకాడ ఒక్కతే నిలబడి ఏడుస్తాంటే, చెయ్యి పట్టుకొని రెండు చుట్లు తిరిగిన."

"ఆ మాట కమిటీల చెప్పకపోయినవా?"

"చెప్పిన గదనే. తప్పయిందని మాత్రం అననన్న. నువ్వు ఆడనే కూసున్నవు."

రత్నానికి ఆ రోజు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే, పుస్తకం గుర్తొచ్చింది, పెన్ను గుర్తొచ్చింది. చాపల పక్కన నిలబడ్డ మనిషి ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తు లేదు. రాసింది చదవను కూడా చదవలేదు, పొయ్యి మీద రసం ఉందని తొందరపడింది. వారం రోజులుగా అందరి మీదా పుట్టిన రోత తిరిగి తిరిగి వచ్చి తన దగ్గరే ఆగింది. ముందర గ్లాసులు సేకరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎన్నేండ్లాయెనక్కా?" అని అడిగింది.

"నువ్వు సంతకం పెట్టిన కాడి కెళ్ళి, వచ్చే బతుకమ్మకు నాలుగేండ్లు" అంది చిలుకమ్మ. ఆ మాటలో కోపం లేదు, లెక్క అడిగితే లెక్క చెప్పింది, అంతే. చెప్పి, కాళ్ళు దగ్గరికి తీసుకుని, రత్నం కూర్చోవడానికి పక్కకు జరిగింది.